వంశచరిత్రను ఆన్‌లైన్‌లో బంధువులతో పంచుకోవడం ఎలా?

చాలాకాలం కూర్చుకున్న వంశవృక్షాన్ని ఒక రాత్రి బంధువులందరికీ ఒకేసారి పంపాను. వందల పేర్లు, 14 పేజీలు. రెండు నమస్కారం బొమ్మలు వచ్చాయి, మూడో సందేశంలో ‘మా అమ్మాయి పుట్టినరోజు తప్పు వేశావు’ అన్న కోపం వచ్చింది. వారం తర్వాత ఒక పాత ఫొటో పెట్టి ‘కుడి చివర నిలబడ్డది ఎవరు?’ అని అడిగితే, ఎన్నడూ నోరు విప్పని పెదనాన్న కూడా మాట్లాడాడు. అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

1. అసలు ప్రతిని ఒకచోట చేర్చండి

కొంత నోటుపుస్తకంలో, కొంత ఫోనులో, కొంత మీ జ్ఞాపకంలో ఉంటే ముందు అదంతా ఒక చోటికి రావాలి. గ్రాంప్స్ వంటి ఉచిత వంశవృక్ష ప్రోగ్రామ్ సరిపోతుంది, మామూలు పట్టికైనా ఫరవాలేదు. ప్రతి వివరం పక్కనా అది ఎక్కడిదో రాయండి: ‘జనన ధ్రువపత్రం’, ‘సమాధి మీద చెక్కిన తేదీ’, ‘మేనత్త చెప్పింది, 2019’. ఈ ఒక్క అలవాటు రేపు సగం వాదనలను ఆపుతుంది.

ఫొటోలను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), మరీ చిన్నవైతే 600లో స్కాన్ చేయండి. వెనకవైపు కూడా. అక్కడి పెన్సిలు గీతల్లోనే ఒక్కోసారి సంవత్సరం, ఊరు, పేరు దొరుకుతాయి. తాత పేరే మనవడికీ ఉన్న కుటుంబాల్లో ఫైలు పేరు తికమక పెడుతుంది. దానికి 1590లో ఐట్జింగర్ అనే ఆయన అచ్చు వేయించిన లెక్క పనికొస్తుంది. మీరు 1, నాన్న 2, అమ్మ 3. ఎవరి సంఖ్యను రెట్టింపు చేసినా వారి తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. అలా నాయనమ్మ 5, అమ్మమ్మ 7. ఈ లెక్క మీ నుంచి మొదలవుతుంది కాబట్టి మీ మేనత్త కొడుక్కి ఇవే అంకెలు కుదరవు. మీ ఫైళ్లకే వాడుకోండి.

2. బతికున్నవారిని పక్కకు తీయండి

పూర్తి పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు. ఖాతాల భద్రతకు చాలాచోట్ల అడిగే ప్రశ్నలు ఇవే. అందుకే పంచే ప్రతిలో జీవించి ఉన్నవారి పేరుకు మించి ఏమీ ఉండకూడదు. చాలా ప్రోగ్రాముల్లో ప్రతి తీసేటప్పుడే వారిని తొలగించే వీలుంటుంది. చనిపోయారో లేదో తెలియనివారిని బతికున్నట్టే లెక్కించండి. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైటు అయితే పుట్టి 110 ఏళ్లు దాటేదాకా అలాగే చూస్తుంది.

దత్తత, విడాకులు, రెండో పెళ్లి వంటివి పత్రాల్లో దొరికాయని బయటపెట్టకండి. సంబంధించిన మనిషికి ముందు ఫోను చేయండి. వద్దంటే వద్దు.

3. చోటు ఎంచుకోండి

పదిమంది లోపే అయితే గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చాలు. 15 జీబీ ఉచితం, అయితే అది మీ ఈమెయిళ్లకూ కలిపి. లింకు ఉన్న ఎవరైనా చూసేలా కాకుండా పేరుపేరునా అనుమతి ఇవ్వండి. అదీ చూడటానికి, వ్యాఖ్య రాయడానికి మాత్రమే. మార్చే హక్కు మీతోపాటు మరొకరికి ఉంటే చాలు.

వంశవృక్షాల సైట్లలో రెండు రకాలున్నాయి. ఫ్యామిలీసెర్చ్, వికీట్రీ, జెనీ వంటివి అందరిదీ ఒకే చెట్టుగా నడుస్తాయి. మీకు తెలియని దూరపు బంధువు మీ ముత్తాత వివరాలు దిద్దవచ్చు. కొత్త కొమ్మలు దొరికేదీ అక్కడే. యాన్సెస్ట్రీ, మైహెరిటేజ్‌లలో మీ చెట్టు మీది, మీరు అనుమతించినవారే దాన్ని మార్చగలరు. బయటివారు చూడకూడదంటే సెట్టింగుల్లో దాన్ని ప్రైవేటుగా పెట్టుకోండి. కోపతాపాలు ఎక్కువగా ఉన్న కుటుంబానికి నేను రెండో రకమే చెబుతాను.

వాట్సాప్ మాట్లాడుకోవడానికి మంచిదే, దాచుకోవడానికి కాదు. ఫొటోను మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

4. ఒక్కటే పంపండి, ఒక్కటే అడగండి

అసలు పని ఇక్కడుంది. చెట్టు మొత్తం చూస్తే ఎవరికీ ఏమీ తోచదు. ఒక ఉత్తరం, ఒక ఫొటో, ఒక సంతకం చూస్తే ఏదో ఒకటి గుర్తొస్తుంది. ‘మీకేమైనా తెలిస్తే చెప్పండి’ అనకండి, ఆ మాటకు ఎవరూ జవాబివ్వరు. ఫొటోలోని మనుషులకు ఎడమ నుంచి అంకెలు వేసి ‘4వ మనిషి ఎవరు? వెనక కనిపించేది ఎవరి ఇల్లు?’ అని అడగండి. పెద్దవాళ్లు టైపు చేయరు, గొంతు రికార్డు చేసి పంపమనండి. ఆ గొంతు చాట్‌లో పడి మరుగున పోకముందే విడిగా భద్రపరచి, ఫైలు పేరులో మాట్లాడినవారి పేరూ తేదీ వేయండి.

కావాలనే తప్పు రాస్తే దిద్దడానికి అందరూ పరుగెత్తుకొస్తారని ఒక చిట్కా చెబుతారు. నిజమే, వస్తారు. కానీ ఆ తప్పు మరో గుంపుకు చేరి అక్కడ నిజమైపోతుంది. ఆ పని చేయకండి.

జవాబు వచ్చాక రెండు రోజులు ఆగండి. మొదటివారి మాట వెంటనే ఖాయం చేస్తే, వేరేగా గుర్తున్నవారు మిన్నకుండిపోతారు.

5. సవరణలను కలపండి

ఇద్దరు రెండు తేదీలు చెబితే ఒకటి చెరిపేయకండి. రెండూ ఉంచి, ఎవరు ఏది చెప్పారో రాయండి. పత్రం దొరికిననాడు తేలుతుంది. దిద్దిన పేజీని, చెప్పినవారి పేరుతో సహా, తిరిగి వారికి పంపండి.

6. సైటు మూతపడినా మిగిలేలా

సొంత వెబ్ పేజీలకు చోటిచ్చిన జియోసిటీస్ సైటును 2009లో మూసివేసినప్పుడు దాని మీదే ఆధారపడిన సొంత పేజీలు ఎన్నో పోయాయి. కాబట్టి ఏడాదికోసారి మీ చెట్టును జెడ్‌కామ్ (GEDCOM) ఫైలుగా దింపుకోండి. 1984లో మొదలైన ఈ పద్ధతి సాదా అక్షరాల ఫైలు. దాదాపు ప్రతి వంశవృక్ష ప్రోగ్రామూ దాన్ని చదువుతుంది. ఇప్పటికీ బాగా వాడుకలో ఉన్న 5.5.1 రూపంలో ఫొటోలు ఫైలులోకి రావు, అవి ఎక్కడున్నాయో మాత్రమే రాసి ఉంటుంది. వాటిని విడిగా దాచాలి. తెలుగులో పేర్లు రాసినవారు అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 (UTF-8) పద్ధతి ఎంచుకుని, దింపిన ఫైలును వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి అక్షరాలు చెదిరాయేమో చూడాలి. పాత ఫాంటులో టైపు చేసినవాటిని పంపేటప్పుడు పీడీఎఫ్ చేయండి, లేకపోతే అవతలివారికి పిచ్చిగీతలే కనిపిస్తాయి.

ఖాతా మీ ఒక్కరిదే అయితే గూగుల్‌లో ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ తెరవండి. మీరు చాలాకాలం లాగిన్ కాకపోతే ఎవరికి ఏది అందాలో అందులో చెప్పవచ్చు, 10 మంది దాకా. వయసులో మీకన్నా చిన్నవారిని ఒకరినైనా అందులో చేర్చి, చేర్చినట్టు వారికి ఇవాళే చెప్పండి.