రాసినదానికి సరైన హెడ్డింగ్ పెట్టడం ఎలా?

మిద్దె తోటల గ్రూపులో ఒకావిడ పోస్టు పెట్టారనుకోండి: "గ్రో బ్యాగులు వాడొద్దు!" లోపల రాసింది వేరు. మే నెల ఎండకి నల్ల బ్యాగుల్లో మట్టి కాగిపోయి టమాటా మొక్కలు వాడిపోయాయి, షేడ్ నెట్ కట్టాక తేరుకున్నాయి అని. సాయంత్రానికి కామెంట్లు చూస్తే "కొన్నవన్నీ పారేయాలా?" అని కొందరు, "మావి నాలుగేళ్లుగా బాగానే ఉన్నాయే" అని కొందరు. షేడ్ నెట్ ఊసే లేదు. పనికొచ్చే మాట కాస్తా హెడ్డింగ్ కింద పడి నలిగిపోయింది.

ఇది పెద్దవాళ్లకీ జరిగింది. 1968లో డచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, ప్రోగ్రామును ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకించే 'గో టూ' ఆదేశం మీద ఒక వ్యాసం రాశారు. ఆదేశాలు అలా ఎక్కడికంటే అక్కడికి దూకుతుంటే, నడుస్తున్న ప్రోగ్రాము ఏ క్షణాన ఎక్కడుందో చదివేవాళ్లకి అంతుపట్టదన్నది ఆయన వాదన. 'గో టూ ఆదేశానికి వ్యతిరేకంగా ఒక వాదన' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి పంపారు. పత్రిక సంపాదకుడు నిక్లాస్ విర్త్ దాన్ని 'గో టూ హానికరం' అన్న ధోరణిలోకి మార్చి, పాఠకుల ఉత్తరంగా అచ్చేశారు. పేరు మారుమోగిపోయింది. హెడ్డింగ్ తప్ప లోపల ఏమీ చూడనివాళ్లు కూడా దాన్ని ఉదహరిస్తున్నారని చాలా ఏళ్ల తర్వాత డైక్‌స్ట్రాయే విచారంగా రాసుకున్నారు. అయినా ఆయన పెట్టిన పేరుతోనే వచ్చుంటే అంతమందికి చేరేది కాదని నా నమ్మకం. కాబట్టి ఆకట్టుకునే పేరు పెట్టడం తప్పు కాదు. పెట్టే పద్ధతి తెలియాలి.

మొదట, హెడ్డింగ్ ఆఖరున రాయండి. పోస్టు పూర్తయ్యాక, ఫోన్లో మీ వదినకి చెబుతున్నట్టు ఒక్క వాక్యం అనుకోండి: "ఎండాకాలం నల్ల బ్యాగులకి నీడ కట్టు వదినా, లేకపోతే వేర్లు ఉడికిపోతాయి." అంతే, మీ హెడ్డింగ్ ఇందులోనే ఉంది. 'వదినా' తీసేస్తే చాలు.

రెండోది, కుదించేటప్పుడు షరతుని వదలొద్దు. పై వాక్యంలో ప్రాణమంతా 'ఎండాకాలం', 'నల్ల' అన్న రెండు మాటల్లోనే ఉంది. చాలామంది ముందు కొట్టేసేవీ అవే! కొట్టేయాల్సినవి వేరే ఉన్నాయి: 'ఎప్పుడూ', 'అందరూ', 'ఇదొక్కటే'.

మూడోది, అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది, అరువు మాట, అంటే విషయానికి సంబంధం లేకపోయినా ఎక్కడినుంచో తెచ్చి తగిలించే మాట. శాస్త్రవేత్తలు చాలా ఏళ్లుగా వెతుకుతున్న హిగ్స్ బోసాన్ అనే కణం లక్షణాలకు సరిపోయే కొత్త కణం దొరికిందని, 2012 జూలై 4న యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ప్రకటించింది. మన పత్రికల్లో, టీవీల్లో అది 'దైవకణం' అయింది. మౌలిక కణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందన్నది అసలు సంగతి. మాటలు మాత్రం దేవుడున్నాడా లేడా అన్నదాని మీదికి పోయాయి. ఆ కణం ఉంటుందని ముందే ఊహించిన శాస్త్రవేత్త పీటర్ హిగ్స్‌కి కూడా ఆ పేరు నచ్చేది కాదు. దేవుడు, విషం, యుద్ధం, మాఫియా లాంటి మాట హెడ్డింగ్‌లోకి వస్తే చర్చ దాని వెంటే పోతుంది. మీ పోస్టులో నిజంగా విషం ఉంటేనే 'విషం' అనండి.

తర్వాత, హెడ్డింగ్ ఒక్కటే ఇద్దరికి పంపండి, విషయం తెలిసినవాళ్లకి ఒకరికి, తెలియనివాళ్లకి ఒకరికి. "లోపల ఏముంటుందనుకుంటున్నారు?" అని అడగండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు.

పోస్టు చేశాక మొదటి పది కామెంట్లు చదవండి. మీరు అనని మాట మీద వాదన నడుస్తుంటే తప్పు హెడ్డింగ్‌దే. ఫేస్‌బుక్‌లో, యూట్యూబ్‌లో ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఎందుకు మార్చారో కింద ఒక ముక్క రాయండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్ దిద్దుకోవడానికి పావుగంటే గడువు, ఈలోపు ఫార్వర్డ్ అయిపోయిన కాపీలు మారవు. అక్కడ పెట్టేదైతే ఆ ఇద్దరి జవాబూ వచ్చేదాకా ఆగండి.