పిట్స్‌బర్గ్ లాజిక్ సమ్మర్ స్కూల్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఫిలాసఫీ విభాగం నడిపే లాజిక్ (తర్కం), ఫార్మల్ ఎపిస్టమాలజీ (మనకు ఏది ఎలా తెలుస్తుందో గణిత పద్ధతుల్లో పరిశీలించే శాస్త్రం) సమ్మర్ స్కూల్ మూడు వారాలు ఉంటుంది, మామూలుగా జూన్‌లో. ట్యూషన్ ఫీజు లేదు. గ్రేడ్లు, క్రెడిట్లు కూడా ఉండవు. విమానం టికెట్, బస, తిండి ఖర్చు మాత్రం మనదే. అందుకే ముందు ఇంట్లో ఆ లెక్క వేసుకుని, తర్వాతే ఫారం తెరవండి.

డిగ్రీ లేదా బీటెక్ చదువుతున్నవాళ్లు, పీజీ మొదటి ఏడాది పూర్తి చేసినవాళ్లు అర్హులు. అమెరికా పౌరులే కానక్కర్లేదు. "మా కాలేజీలో ఫిలాసఫీ డిపార్ట్‌మెంటే లేదు కదా" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకండి. 1985లో తత్వవేత్త క్లార్క్ గ్లైమర్ మొదలుపెట్టిన ఆ విభాగంలోనే, డేటాలోంచి కార్యకారణ సంబంధాలను వెతికే పీసీ అల్గారిథమ్ పుట్టింది. పీటర్ స్పిర్టెస్, క్లార్క్ గ్లైమర్‌ల మొదటి పేర్లలోని అక్షరాలే ఆ పీ, సీ. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్ పిల్లలు అక్కడ పరాయివాళ్లు కారు.

గడువు వేసవికి చాలా ముందే, మార్చి ప్రాంతంలో ముగుస్తుంది. కాబట్టి సంక్రాంతి సెలవుల్లోనే పని మొదలుపెట్టాలి. రెజ్యూమె, మార్కుల మెమోలు సిద్ధం చేసుకోవడం ఒకరోజు పని. ఆ ఏడాది ప్రకటనలో అడిగిన వరుసలోనే స్కాన్ చేసి పెట్టుకోండి.

అసలు కష్టపడాల్సింది ఎస్‌ఓపీ (ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) దగ్గర. "చిన్నప్పటి నుంచి తత్వశాస్త్రమంటే ఆసక్తి" అన్న వాక్యం ఏమీ చెప్పదు. మిమ్మల్ని వదలని ఒక్క ప్రశ్న రాయండి. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పుందని చెప్పడం మన న్యాయ దర్శనంలో, అంటే ప్రాచీన భారతీయ తర్కశాస్త్రంలో, పాత ఉదాహరణ. స్టాటిస్టిక్స్ క్లాసులో రెండు అంకెలు కలిసి పెరిగితే ఒకటి ఇంకోదానికి కారణమని చెప్పకూడదన్నారు. మరి పొగ విషయంలో ఎలా చెప్పగలిగాం? ఈ చిక్కు నిజంగా మీదైతే, దాన్ని విడదీయడానికి ఏం చదివారో, ఎక్కడ ఆగిపోయారో రాయండి. ఆగిపోయిన చోటు దాచొద్దు, నేర్చుకోవడానికి వెళ్లేది అందుకే.

రికమెండేషన్ లెటర్ హెచ్‌ఓడీ దగ్గరే తీసుకోవాలని లేదు. మీ ప్రాజెక్టును దగ్గరగా చూసిన మేడమ్ రాసిందే బలంగా ఉంటుంది. మన దగ్గర "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అనడం మామూలే. అలా అంటే, మీరు చేసిన పనిని ఒక పేజీలో రాసిచ్చి, లెటర్ మాత్రం వాళ్లనే రాయమని వినయంగా అడగండి. కనీసం నెల ముందు అడిగితే వాళ్లకూ టెన్షన్ ఉండదు.

సీటు వస్తే, ఏ వీసాకు వెళ్లాలో నిర్వాహకులను రాతపూర్వకంగా అడిగి, ఆహ్వాన లేఖ తెప్పించుకోండి. ఆ తర్వాత డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం నింపి, హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ స్లాట్ వెంటనే పట్టుకోవాలి. పాస్‌పోర్టు లేనివాళ్లు దరఖాస్తు రోజే దానికీ అప్లై చేయడం మంచిది.

ప్రయాణ ఖర్చు భరించలేకపోతే అసోసియేషన్ ఫర్ లాజిక్ ఇన్ ఇండియా ప్రకటనలు చూస్తూ ఉండండి. వాళ్ల లాజిక్ స్కూల్ 2010లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే జరిగింది. పిట్స్‌బర్గ్ కోసం రాసుకున్న ఎస్‌ఓపీ అక్కడికీ చాలావరకు పనికొస్తుంది.