బేస్‌బాల్ రిలీఫ్ పిచ్చర్ లెక్కలు చదవడం, 4వ పాఠం: ఎవరి రన్నర్, ఎవరి పరుగు?

కిందటి పాఠం చివర రిలీవర్ (ఆట మొదలుపెట్టిన స్టార్టర్ దిగాక వచ్చే పిచ్చర్) డెనిస్ ఎకర్స్‌లీ 1990 సీజన్ ఇచ్చి ఈఆర్ఏ (9 ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన ఎర్న్డ్ రన్లు) కట్టమన్నాను: 73.1 ఇన్నింగ్స్, 5 ఎర్న్డ్ రన్లు (ఫీల్డర్ల తప్పు వల్ల కాకుండా పిచ్చర్ ఖాతాలో పడే పరుగులు). ఎక్కువమందికి 0.62 వచ్చింది. రికార్డుల్లో ఉన్నది 0.61. వందో వంతు తేడాయే కదా అని వదిలేయకండి. 73.1ని మీరు దశాంశంగా చదివారని ఆ తేడాయే పట్టిస్తోంది.

73.1 అంటే 73 ఇన్నింగ్స్, ఆపైన ఇంకొక్క ఔట్. క్రికెట్‌లో 9.4 ఓవర్లంటే 9 ఓవర్ల 4 బంతులని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇదీ అంతే. అక్కడ చుక్క తర్వాత 5 దాటదు, ఇక్కడ ఇన్నింగ్స్‌కు 3 ఔట్లే కాబట్టి 2 దాటదు. అందుకే 26.2కి 25.2 కలిపితే 52.1 అవుతుంది, 51.4 కాదు.

ఇన్నింగ్స్‌ను భిన్నంగా మార్చి, పరుగుల్ని 9తో హెచ్చవేసి దానితో భాగించే పద్ధతి కిందటి పాఠంలో చెప్పాను. తప్పులన్నీ అక్కడే దొర్లుతున్నాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. నేనైతే ఎప్పుడూ ఔట్లతోనే కడతాను. పరుగుల్ని 27తో (9 ఇన్నింగ్స్ ఔట్లు) హెచ్చవేసి, మొత్తం ఔట్లతో భాగించడమే. ఎకర్స్‌లీకి 73 మూళ్లు 219, ఒకటి కలిపితే 220 ఔట్లు. 5ని 27తో హెచ్చవేస్తే 135. 135ని 220తో భాగిస్తే 0.61. ఎరిక్ గాన్యే 2003 సీజన్ కూడా చూడండి: 82.1 ఇన్నింగ్స్, 11 పరుగులు. 297ని 247తో భాగిస్తే 1.20. చుక్కను దశాంశంగా తీసుకున్నవాళ్లకు ఇక్కడా 1.21 వస్తుంది.

రిలీవర్ దగ్గర ఇంత పట్టింపు దేనికంటే, అతను సీజన్ మొత్తం వేసేది 60, 70 ఇన్నింగ్సే. ఒక్క రోజు 5 పరుగులిస్తే 60 ఇన్నింగ్స్ వేసినవాడి ఈఆర్ఏ 0.75 పెరుగుతుంది. 200 ఇన్నింగ్స్ వేసే స్టార్టర్‌కు అదే 5 పరుగుల బరువు 0.23 కూడా ఉండదు.

ఇప్పుడు అసలు పాఠం. ఈఆర్ఏ ఒక్కటీ చూసి రిలీవర్‌కు మార్కులు వేసే అలవాటు మానుకోవాలి. ఎందుకో ఒక ఇన్నింగ్స్‌లో చూద్దాం.

8వ ఇన్నింగ్స్, జట్టు 4-2తో ముందుంది. స్టార్టర్ ఒక సింగిల్ (బ్యాటర్ మొదటి బేస్ చేరే హిట్), ఒక డబుల్ (రెండో బేస్ చేరే హిట్) ఇచ్చి ఒక్క ఔటూ తీయకుండా దిగిపోయాడు. రెండో బేస్ మీద ఒకడు, మూడో బేస్ మీద ఒకడు. రిలీవర్ వచ్చాడు. మొదటి బ్యాటర్ రైట్ ఫీల్డ్‌లోకి సింగిల్ కొట్టాడు. రన్నర్లిద్దరూ హోమ్ చేరారు, 4-4. తర్వాతి బంతి నేలబారుగా షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) చేతిలోకి వెళ్లింది, డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్. ఆ తర్వాతివాడు స్ట్రైకౌట్. రిలీవర్ పద్దు ఇలా ఉంటుంది: 1 ఇన్నింగ్స్, 1 హిట్, 0 పరుగులు. ఆ రోజు ఈఆర్ఏ 0.00. కానీ చేతిలో ఉన్న ఆధిక్యం పోయింది గనక బ్లోన్ సేవ్ (చెడిపోయిన సేవ్; సేవ్ అంటే ఏమిటో కింద చెప్తాను) అతనిదే. రెండు పరుగులూ స్టార్టర్ ఖాతాలో పడతాయి.

ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. తప్పు జరిగేది దీని తర్వాత. "హోమ్ దాటిన మనిషిని ఎవరు బేస్ ఎక్కించారో వాళ్లదే పరుగు" అని గుర్తుపెట్టుకుంటారు. అది పొరపాటు. నిబంధన మనుషుల్ని లెక్కపెట్టదు, వదిలి వెళ్లిన రన్నర్ల సంఖ్యను లెక్కపెడుతుంది.

స్టార్టర్ ఒక్క రన్నర్‌ను మొదటి బేస్ మీద వదిలి వెళ్లాడనుకోండి. రిలీవర్ వేసిన బంతిని బ్యాటర్ నేలబారుగా కొట్టాడు. రెండో బేస్ దగ్గర పాత రన్నర్ ఔట్, బ్యాటర్ మొదటి బేస్ చేరాడు. తర్వాతివాడు హోమ్ రన్ (బ్యాటర్ కూడా నేరుగా హోమ్ చేరే హిట్) కొట్టాడు, రెండు పరుగులు. వాటిలో మొదటిది స్టార్టర్‌దే. పాత రన్నర్ ఔటైనా, అతని బదులు కొత్తవాడు అదే బేస్ మీద నిలబడ్డాడు. స్టార్టర్ వదిలిన ఒకటి ఇంకా తీరలేదు. హోమ్ రన్ కొట్టినవాడి పరుగే రిలీవర్‌ది.

అదే పాత రన్నర్‌ను పికాఫ్ చేసి (బేస్ వదిలి ముందుకు జరిగినప్పుడు బంతి విసిరి) ఔట్ చేశారనుకోండి, లేదా అతను బేస్ దొంగిలించబోయి దొరికిపోయాడనుకోండి. బ్యాటర్ ప్రమేయం లేకుండా ఔటయ్యాడు కాబట్టి స్టార్టర్ సంఖ్య ఒకటి తగ్గి సున్నా అవుతుంది. ఆపైన రిలీవర్ ఒక వాక్ (నాలుగు తప్పుడు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్), ఒక హోమ్ రన్ ఇస్తే రెండు పరుగులూ అతనివే. కాగితం మీద పిచ్చర్ మారినప్పుడల్లా అడ్డంగా ఒక గీత గీసి, పక్కన అతను వదిలిన రన్నర్ల సంఖ్య రాసుకోండి. పేర్లు రాయకండి. పేర్లు రాస్తే మళ్లీ మనుషుల వెంట పడతారు.

2020 నుంచి అదనపు ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద ఉత్తినే నిలబెట్టే రన్నర్ పరుగు చేస్తే అది ఎర్న్డ్ రన్ కాదు.

సేవ్, అంటే ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన రిలీవర్‌కు ఇచ్చే లెక్క, దాని సంగతి త్వరగా చెప్పేస్తాను. 1969 నుంచి అది అధికారిక లెక్క. గెలిచిన ఆటను ముగించాలి, గెలుపు తన పేర ఉండకూడదు, కనీసం ఒక ఔట్ తీయాలి. దానికి తోడు ఈ మూడింటిలో ఒకటి కుదరాలి: 3 పరుగులు మించని ఆధిక్యంతో వచ్చి ఒక పూర్తి ఇన్నింగ్స్ వేయడం, స్కోరు సమం చేయగలవాడు బేస్ మీదో, బ్యాటింగ్‌లోనో, తర్వాతి వంతులోనో ఉండగా రావడం, కనీసం 3 ఇన్నింగ్స్ వేయడం. ఈ మూడో దారిలోనే 2007 ఆగస్టు 22న రేంజర్స్ 30-3తో ఒరియోల్స్‌ను ఓడించిన ఆటలో వెస్ లిటిల్టన్‌కు సేవ్ దక్కింది. ఇలాంటి పరిస్థితిలోనే వచ్చి, ఒక ఔటైనా తీసి, ఆధిక్యం చెడకుండా మరొకరికి అప్పగిస్తే హోల్డ్.

అందుకే ఒక రిలీవర్ కెరీర్ చూసేటప్పుడు సేవ్‌ల గడి మీదే కళ్లు నిలపకండి. మరియానో రివెరా పేరు చెప్పగానే 652 సేవ్‌లు గుర్తొస్తాయి. ఆయన వరుసల్లో 1996 చూడండి: సేవ్‌లు 5, ఇన్నింగ్స్ 107.2, ఈఆర్ఏ 2.09. ఆ ఏడాది యాంకీస్ క్లోజర్ (ఆటను ముగించే రిలీవర్) జాన్ వెట్‌లాండ్, ఆయనకు ముందు వచ్చేది రివెరా. ఆ 5 సేవ్‌ల సీజన్‌కే సై యంగ్ (ఏటా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే అవార్డు) ఓటింగ్‌లో మూడో స్థానం వచ్చింది. సేవ్ కోసం మంచి పిచ్చర్‌ను దాచిపెడితే ఏమవుతుందో 2016లో చూశాం. బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ సీజన్‌లో 47 సేవ్‌లు చేశాడు, ఒక్కటీ చెడగొట్టలేదు, ఈఆర్ఏ 0.54. టొరంటోలో వైల్డ్ కార్డ్ ఆట (ఓడిన జట్టు ఇంటికి వెళ్లే ఒక్క ఆట) 11వ ఇన్నింగ్స్ దాకా సాగినా బాల్టిమోర్ అతన్ని ఆడించనే లేదు. టొరంటో బ్యాటర్ ఎడ్విన్ ఎన్కార్నాసియోన్ హోమ్ రన్‌తో బాల్టిమోర్ సీజన్ అక్కడే ముగిసింది. నా దృష్టిలో అత్యుత్తమ రిలీవర్ రావలసింది ఆట తిరగబోయే ఘడియలో, 9వ ఇన్నింగ్స్ కోసం ఎదురుచూడకూడదు.

అభ్యాసం. ముందు రివెరా కెరీర్ మొత్తం: 1283.2 ఇన్నింగ్స్, 315 ఎర్న్డ్ రన్లు. ఔట్లతోనే కట్టండి, 2.21 రావాలి.

తర్వాతిది కష్టమైనది, కాగితం మీద గీతలు గీసుకుంటూ చేయండి. సొంతగడ్డ జట్టు 5-2తో ముందుంది. 8వ ఇన్నింగ్స్‌కు "క" వచ్చాడు, ఒక ఔట్ తీసి రెండు వాక్‌లు ఇచ్చి దిగిపోయాడు. "చ" వచ్చీ రాగానే డబుల్ ఇచ్చాడు, ఇద్దరూ హోమ్ చేరారు, 5-4. మిగతా రెండు ఔట్లు అతనే తీశాడు. 9వ ఇన్నింగ్స్‌లో "ట" రెండు ఔట్లు తీసి, హోమ్ రన్ ఇచ్చి, మూడో ఔట్ తీశాడు. 5-5. కింది సగంలో జట్టు ఒక పరుగు చేసి 6-5తో గెలిచింది. ముగ్గురికీ ఇన్నింగ్స్, ఎర్న్డ్ రన్లు, ఆ రోజు ఈఆర్ఏ కట్టండి. హోల్డ్, బ్లోన్ సేవ్, గెలుపు ఎవరెవరివో రాయండి. హోల్డ్ ఒకరికే దక్కాలని ఏమీ లేదు. "క" ఈఆర్ఏ 54.00 రావాలి. రాకపోతే పాఠం మొదట్లో చుక్క గురించి చెప్పిన చోటు నుంచి మళ్లీ చదవండి.