రోత్‌సి మోడల్‌లో కర్బనం పడిపోతూనే ఉంటే: సమస్య - పరిష్కారం

సమస్య: రోత్‌సి (RothC) అంటే మట్టిలో సేంద్రియ కర్బనం ఏళ్లు గడిచేకొద్దీ ఎలా మారుతుందో లెక్కకట్టే కంప్యూటర్ మోడల్. దాన్ని నడిపింది వరంగల్ దగ్గరి పత్తి చేనుకు. పశువుల ఎరువు వేసినట్టు ఇచ్చినా, పత్తికట్టె కాల్చకుండా నేలలో కలిపినట్టు ఇచ్చినా, గ్రాఫ్‌లో సేంద్రియ కర్బనం మొదటి ఏడాది నుంచే జారిపోతోంది.

ముందు లోతు చూడండి. సాయిల్ హెల్త్ కార్డు అంకె సాధారణంగా 0-15 సెం.మీ. మట్టిది, రోత్‌సి లెక్క మామూలుగా 23 సెం.మీ.కి. ఇది చూడకుండానే మోడల్‌ను తప్పుపట్టేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. కర్బన శాతం × మట్టి సాంద్రత (ఘన సెం.మీ.కి గ్రాములు) × లోతు (సెం.మీ.) = హెక్టారుకు టన్నులు. మూడూ ఒకే పొరవి కావాలి.

లోతు సరిపోయిందా? చల్క నేలల్లో మోడల్ బాగానే నడిచి, నల్లరేగడిలో మాత్రమే ఇలా పడిపోతోందా? అయితే మట్టిలోని సున్నాన్ని (కాల్షియం కార్బొనేట్) అనుమానించండి. ల్యాబ్‌లో మట్టిని కాల్చి కర్బనం కొలిచే యంత్రానికి సేంద్రియ కర్బనం, సున్నంలోని కర్బనం అన్న తేడా తెలియదు. సున్నపు గుండ్లు జల్లెడలో పోయాయి కదా అంటారు. పొడి సున్నం ఎక్కడికీ పోదు, మట్టిలోనే ఉంటుంది. కాల్షియం కార్బొనేట్ బరువులో 12 శాతం కర్బనమే. మట్టిలో అది 5 శాతం ఉంటే, లెక్కలో 0.6 శాతం కర్బనం ఊరికే కలుస్తుంది. సాంద్రత 1.4 అనుకుంటే 23 సెం.మీ.కి హెక్టారుకు దాదాపు 19 టన్నులు! ఈ టన్నుల్లో చాలావరకు మోడల్ హ్యూమస్‌గా (నెమ్మదిగా కుళ్లే సేంద్రియ పదార్థంగా) తీసుకుంటుంది. అంత హ్యూమస్‌ను నిలబెట్టే చెత్తాచెదారం పత్తి చేనులో రాలదు, అందుకే గీత పడిపోతుంది. అప్పుడు మోడల్‌లోని కుళ్లే రేట్లు తగ్గించి గీతను సరిచేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ తర్వాత ఎరువుకూ, పత్తికట్టె కలపడానికీ వచ్చే తేడాలన్నీ తప్పే.

పరిష్కారం: మట్టి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. కాల్సిమీటర్‌తో సున్నపు కర్బనం కొలిచి మొత్తంలోంచి తీసేయండి. లేదా వాక్లీ-బ్లాక్ (మట్టిని కాల్చకుండా రసాయనాలతో కర్బనం కొలిచే పద్ధతి) అంకె వాడండి, అది సున్నాన్ని పట్టుకోదు. కానీ సేంద్రియ కర్బనంలోనూ సగటున 77 శాతమే పట్టుకుంటుంది కాబట్టి 1.3తో హెచ్చించాలి. ల్యాబ్ ముందే హెచ్చించిందేమో అడగండి, రెండుసార్లు హెచ్చిస్తే మళ్లీ మొదటికే. కొత్త అంకెతో జడ కర్బనం (కుళ్లకుండా ఉండిపోయే భాగం) సహా మోడల్‌లోని కర్బన భాగాలన్నీ తిరిగి లెక్కకట్టి నడపండి.

వరి మడి అయితే సంగతి వేరు. నీళ్లు నిలిచే నేలకు రోత్‌సి తయారు చేయలేదు, అక్కడ కుళ్లడం నెమ్మది. వరి కోసం మార్చిన రూపం వాడండి.

బంకమట్టి శాతం, ఉష్ణోగ్రత కాలమ్ మోడల్‌కు సరిగ్గా ఇచ్చారో లేదో ఒకసారి చూసి వదిలేయండి.