పతంగుల రోజుల్లో పిల్లి వాంతులు చేసుకుంటుంటే

పిల్లి ఎప్పుడైనా ఒకసారి వాంతి చేసుకుంటే మామూలుగా కంగారుపడక్కర్లేదు. ఒళ్లు నాక్కుంటూ మింగిన వెంట్రుకలు చుట్టలా బయటికొస్తాయి, కాసేపటికే గిన్నె దగ్గర చేరి మళ్లీ అరుస్తుంది. జనవరిలో హైదరాబాద్‌లో మాత్రం ఆ ధైర్యం కొంచెం తగ్గించుకోవాలి. ధూల్‌పేటలో పతంగుల బేరాలు ఊపందుకున్నాయంటే డాబాల మీద, బాల్కనీ గ్రిల్లుల్లో ఎక్కడ చూసినా దారమే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. మా డాబా మీద అది ఏటా దొరుకుతూనే ఉంది.

పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపు తిరిగి ఉంటాయి. దారం నోట్లో పడితే ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక అడుగున చిక్కుకుని రెండోది పేగుల్లోకి దిగితే, లంగా నాడా లాగినప్పుడు గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగంతా ముడుచుకుపోతుంది. ఒక్కోసారి తెగుతుంది కూడా. అందుకే నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు. దాన్ని అలాగే ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పోయిన పండక్కి మా పిల్లి పసుపు నురగ కక్కి మంచం కింద దూరింది. చికెన్ చూపించినా మొహం తిప్పేసుకుంది. నోరు తెరిచి చూస్తే నాలుక కింద సన్నటి గులాబీ దారం! డాక్టర్ మత్తిచ్చి తీశారు. అప్పటికింకా పేగుల్లోకి దిగలేదు, అదృష్టం.

దారం కనిపించకపోయినా ఒకే రోజులో మూడు నాలుగుసార్లు కక్కినా, రక్తం పడినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఆగొద్దు. మగపిల్లి వాంతులతో పాటు మూత్రం రాక ముక్కుతుంటే తెల్లారేదాకా కూడా చూడొద్దు. టీకాలు పడని కూనలైతే మరీ తొందరపడాలి.

పారాసిటమాల్ వేయకండి, పిల్లికి అది విషం. కక్కించాలని ఉప్పునీళ్లు పట్టొద్దు, పాలూ వద్దు. ఒక్కసారే కక్కి హుషారుగా ఉంటే కొన్ని గంటలు తిండి ఆపి, నీళ్లు కొద్దికొద్దిగా పెట్టి, తర్వాత ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ పెట్టండి. రోజంతా పస్తు మాత్రం ఉంచొద్దు, కాలేయం దెబ్బతినొచ్చు.

పండక్కి సగం నగరం ఊళ్లకు పోతుంది, క్లినిక్‌లూ మూతపడతాయి. ఎవరు తెరిచి ఉంచుతారో భోగికి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వెళ్లేటప్పుడు వాంతి ఫొటో తీసుకోండి, ఇంట్లో దారం ముక్క దొరికితే కవర్లో వేసి పట్టుకెళ్లండి.