రాయగడ నుంచి రెండు రోజుల కొరాపుట్ ట్రిప్, కారులో వెళ్లేవాళ్లకి

ఒడిశాలోని కొరాపుట్ వెళ్దాం అనగానే మనోళ్లు చేసే మొదటి పని ఏటంటే మ్యాప్ తీసి కనపడ్డవన్నీ టిక్కు పెట్టేయడం. దేవమాలి కొండ, డుడుమ జలపాతం, గుప్తేశ్వర్ గుహ గుడి, కొలాబ్ డ్యామ్, దమన్‌జోడి, ఇంకా పనిలో పని అరకు కూడా చూసొచ్చేద్దాం అంటారు, అదీ శని ఆదివారాల్లోనే. మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి, అందులో అబద్ధం లేదు గానీ కొండ రోడ్ల మీద కిలోమీటర్ల లెక్క పని చెయ్యదు, అక్కడ వెలుతురు లెక్క. డిసెంబర్‌లో అయిదున్నర అయ్యేసరికి చీకటి పడిపోద్ది, పొద్దున్న ఏడు ఎనిమిది దాకా మంచు వదలదు, అంటే రోజుకి తొమ్మిది పది గంటలే మీ చేతిలో ఉన్నట్టు, ఆ గంటల్లో ఎంత పడితే అంతే ప్లాన్. అందుకే ఇందులో గుప్తేశ్వర్ పెట్టట్లేదు, అది జయపురం అవతల ఛత్తీస్‌గఢ్ బోర్డర్ దగ్గర, దానికి విడిగా ఒక రోజు ఇవ్వాలి. అరకు అసలు లెక్కలోకే తీసుకోకండి, వీకెండ్‌లో అక్కడ మనుషుల్నే చూడాలి.

ఎప్పుడు వెళ్లాలంటే అక్టోబర్ చివర నుంచి ఫిబ్రవరి లోపు. నవంబర్ అయితే ఇంకా బాగుంటాది, వానలు ఆగి కొండలు పచ్చగానే ఉంటాయి, డుడుమలో నీళ్లు ఉంటాయి, పొలాల్లో వలిసె పూలు పసుపుగా విరగబూసి ఉంటాయి. వానాకాలంలో ఘాట్ రోడ్లు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, నడపడానికి మాత్రం కాదు, మట్టి జారుద్ది, రాళ్లు పడతాయి, ఎదురుగా వచ్చే లారీ కనపడదు. ఏప్రిల్, మే అయితే కొండలు ఎండిపోయి ఉంటాయి, అంత దూరం వెళ్లి చూసేది ఏమీ ఉండదు.

ముందు బండి సంగతి. చిన్న కారు చాలు, పెద్ద బండి అక్కర్లేదు, కానీ బ్రేకులు, టైర్లు, స్టెప్నీలో గాలి చూపించుకోండి, వైపర్లు కూడా, మంచులో అద్దం తుడుస్తూనే ఉండాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డేట్ దాటకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, రెండు రాష్ట్రాల్లో తిరుగుతాం కదా. ఇంకో మాట, ఈ రూట్లో గంజాయి కోసం చెక్ పోస్టుల దగ్గర బండ్లు ఆపుతారు, డిక్కీ తియ్యమంటే తియ్యండి, వాదన పెట్టుకోకండి, రెండు నిమిషాల పని. దారిలో ఎవరైనా ఈ సంచి సాలూరులో ఇచ్చేయండి బాబూ అని బతిమాలితే మాత్రం ఎంత ముసలాయనైనా సరే తీసుకోకండి.

శనివారం పొద్దున్న అయిదుకి రాయగడలో బయల్దేరాలి. అయిదు అంటే అయిదే, పిల్లల్ని లేపి స్నానాలు చేయించి టీ తాగి ఆరున్నరకి బయల్దేరితే డుడుమ మీద ఆశ వదిలేసుకోవచ్చు. లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా కొరాపుట్ సుమారు 110 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు పడుద్ది. మన రాయగడ పల్లంలో ఉంటాది, కొరాపుట్ సముద్ర మట్టానికి 850 మీటర్ల పైనే, అందుకని లక్ష్మీపూర్ దాటాక కారు దిగితే చలి తేడా తెలుస్తాది, స్వెట్టర్లు డిక్కీ అడుగున పెట్టకండి. కొరాపుట్‌లో టిఫిన్. ఇడ్లీ, ఉప్మా, పూరీ దొరుకుతాయి, బరా గుగుని (వడల మీద బఠాణీ కూర) తింటే ఇంకా మంచిది, కడుపు నిండి మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. ఇక్కడే ట్యాంకు ఫుల్ చేయించేయండి, ముందు దొరుకుతాదిలే అనుకోవద్దు. ఫోన్‌లో మ్యాప్ కూడా ఇక్కడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లమతాపుట్టు వైపు సిగ్నల్ వస్తాది పోతాది.

కొరాపుట్ నుంచి సిమిలిగుడ, అక్కడి నుంచి నందపూర్, లమతాపుట్టు, తర్వాత మాచ్‌ఖండ్. మ్యాప్‌లో సిమిలిగుడ అని కొట్టినప్పుడు కాస్త చూసుకోండి, అరకు లైన్లో శిమిలిగుడ అని రైల్వే స్టేషన్ ఒకటుంది, అది ఆంధ్రలోది, అటు తీసుకుపోతే రోజంతా పోయినట్టే. నందపూర్‌లో పది నిమిషాలు ఆగొచ్చు. జయపురం రాజుల పాత రాజధాని ఇదే, ముప్పై రెండు మెట్ల సింహాసనం అని ఒక రాతి కట్టడం ఉంది. పెద్దగా ఏమీ ఉండదు, కోటలు మేడలు ఊహించుకుని వెళ్తే నిరుత్సాహపడతారు. కానీ ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్లు దిగి చూడాలి మరి, యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ గారు ఈ జయపురం వంశం ఆయనే, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే ఉంది.

డుడుమ దగ్గరికి పన్నెండు లోపు చేరితే మీరు టైములో ఉన్నట్టు. మాచ్‌ఖండ్ నది ఒక్కసారిగా సుమారు 175 మీటర్ల లోతుకి పడుద్ది, వ్యూ పాయింట్ నుంచి చూస్తే కింద లోయ అంతా తుంపర లేచి పొగలా ఉంటాది. ఒకటి చెప్పాలి, ఇది కరెంటు కోసం నీళ్లు మళ్లించే చోటు, అందుకని ఎప్పుడూ ఒకేలా ఉండదు, వానలు తగ్గిన కొత్తలో వెళ్తే ధార దండిగా ఉంటాది, ఎండాకాలం వెళ్లినవాళ్లు "ఇదేనా" అని తిట్టుకుంటూ వస్తారు. రెయిలింగ్ దాటి కిందికి దిగకండి, రీల్స్ కోసం అసలే వద్దు, నాచు పట్టిన రాయి మీద చెప్పు ఆగదు. మాచ్‌ఖండ్ పవర్ హౌస్ 1955 నాటిది, ఆంధ్ర ఒడిశా రెండూ కలిసి కట్టుకున్నది, అందుకే ఈ చుట్టుపక్కల తెలుగు ధారాళంగా నడుస్తాది, హోటల్లో ఒడియా రాదని ఇబ్బంది పడక్కర్లేదు. పవర్ హౌస్ లోపలికి పర్మిషన్ లేకుండా పంపరు, గేటు దగ్గర బతిమాలి టైం వేస్ట్ చేసుకోకండి.

డుడుమ దగ్గర్లోని ఒనకడిల్లీలో గురువారం సంత జరుగుద్ది, కొండల మీది బొండా గిరిజనులు దిగి వస్తారు. మనం వెళ్లేది శనివారం కాబట్టి సంత చూడం, అది ఒకందుకు మంచిదే, అక్కడికి కెమెరాలు పట్టుకుని మనుషుల మొహాల మీదికి వెళ్లేవాళ్లని చూస్తే సిగ్గేస్తాది. దారిలో గదబ గిరిజనుల ఊళ్లలో ఆగినా అంతే, ఫోటో కావాలంటే అడగండి, వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచకండి, తర్వాత వచ్చే ప్రతి కారు వెనకా వాళ్లు రోడ్డు మీద పరిగెడతారు.

అక్కడి నుంచి జోలాపుట్. ఈ ట్రిప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే, డుడుమ కన్నా కూడా. పెద్ద రిజర్వాయర్, ఆ ఒడ్డున మన ముంచింగిపుట్టు కొండలు, ఈ ఒడ్డున ఒడిశా, మధ్యలో నాటు పడవలు, షాపులు లేవు, టికెట్ లేదు, పాటలు పెట్టేవాళ్లు లేరు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరో చపాతీలో ఇక్కడే తినండి, అందుకే భోజనం కట్టుకుని వెళ్లమంటాను, ఈ వైపు మధ్యాహ్నం భోజనం హోటళ్ల మీద నమ్మకం పెట్టుకోలేం. ప్లాస్టిక్ ప్లేట్ల బదులు అడ్డాకు విస్తళ్లు తీసుకెళ్తే అక్కడ పారేసినా పాపం ఉండదు, సీసాలు మాత్రం డిక్కీలో వేసుకుని వెనక్కి తేవాలి. నీళ్లలోకి దిగొద్దు, ఒడ్డున చూస్తే లోతు లేనట్టే ఉంటాది గానీ రెండడుగులు వేస్తే లోతు ఎంతో తెలీదు. ఈ నీళ్ల కింద ఒకప్పుడు ఊళ్లు ఉండేవి, ఆ ఊళ్లవాళ్ల మనవలు ఇప్పుడు ఒడ్డున వ్యవసాయం చేసుకుంటున్నారు.

మూడున్నరకి లేవాల్సిందే. చల్లగా హాయిగా ఉంది ఇంకో అరగంట అంటారు ఎవరో ఒకరు, వినకండి. వచ్చిన దారినే నందపూర్ దాకా వెలుతురుండగా వచ్చేస్తే తర్వాత సిమిలిగుడకి రోడ్డు తేలిక. రాత్రి మకాం సిమిలిగుడలోనే, లేదంటే సునాబెడలో. సునాబెడ హెచ్‌ఏఎల్ (విమానాలు తయారు చేసే ప్రభుత్వ కంపెనీ) టౌన్‌షిప్, మిగ్ విమానాల ఇంజన్లు తయారైన ఊరు, పక్కపక్కనే ఉంటాయి రెండూ. కొరాపుట్ వెళ్లి పడుకుంటే పొద్దున్న దేవమాలికి ఇంకో ఇరవై కిలోమీటర్లు వెనక్కి రావాలి, అందుకని వద్దు. డిసెంబర్, జనవరిల్లో రూములు ముందే ఫోన్ చేసి బుక్ చేసుకోండి, వేడినీళ్లు ఉన్నాయా అని అడిగి మరీ. దేవమాలి దగ్గర టెంట్లు కూడా ఉంటాయి, కుర్రాళ్లయితే సరదాగా ఉంటాది, అమ్మానాన్నల్ని తీసుకెళ్తే మాత్రం ఆ చలికి రాత్రంతా వాళ్లు మిమ్మల్నే తలుచుకుంటారు.

ఆదివారం నాలుగున్నరకి లేచి దేవమాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం, 1,672 మీటర్లు, రోడ్డు దాదాపు పై దాకా ఉంది కాబట్టి ట్రెక్కింగ్ అంటూ ఏమీ లేదు, కొంచెం నడవాలి అంతే. రోడ్డు సన్నం, మలుపులు దగ్గర దగ్గరగా ఉంటాయి, చీకట్లో మంచులో ఎక్కుతారు కాబట్టి ఇక్కడ డ్రైవింగ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. మంచులో హై బీమ్ వెయ్యకండి, వెలుగంతా తిరిగి మీ కళ్లలోకే కొడతాది, లో బీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి. మలుపు ముందు హారన్ కొట్టండి, మలుపు లోపల ఓవర్‌టేక్ మాట ఎత్తకండి. ఎక్కే బండికి దారి ఇవ్వడం కొండ రోడ్డు మర్యాద, మీరు దిగుతుంటే వెడల్పున్న చోట పక్కకి తీసి ఆగండి. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో, మరీ వాలుగా ఉంటే ఫస్ట్‌లో, ఇంజనే బండిని పట్టి ఉంచుద్ది, బ్రేకు అప్పుడప్పుడు తొక్కితే చాలు. పెట్రోలు కలిసొస్తాదని న్యూట్రల్‌లో వదిలేసే మహానుభావులు ఇంకా ఉన్నారు, అలాంటివాళ్లకి తాళం ఇవ్వకండి. కాలిన వాసన వస్తే బ్రేకులు వేడెక్కినట్టు, పక్కకి ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పొయ్యొద్దు.

పైన సూర్యోదయం కనపడితే మీ అదృష్టం, కనపడకపోయినా కింద లోయల్లో మేఘాలు నిండిపోయి కొండల తలకాయలు మాత్రమే తేలుతూ కనిపిస్తాయి, అదే ఎక్కువ బాగుంటాది అంటాను నేను. గాలి మాత్రం చెవులు కోసేస్తాది, మంకీ క్యాప్ పెట్టుకోడానికి సిగ్గుపడకండి. ఎనిమిదిన్నర కల్లా దిగిపోవడం మంచిది, ఆదివారం తొమ్మిది దాటాక బైకుల గుంపులు ఎక్కడం మొదలవుద్ది, ఆ సన్నం రోడ్డులో ఎదురెదురు పడితే రివర్సులే. కింద ఊళ్లలో ఎవరైనా చోడంబలి (రాగి అంబలి) అమ్ముతుంటే తాగండి, వాళ్లు మండియా అంటారు, చలికి కడుపులో వెచ్చగా ఉంటాది.

తర్వాత కొరాపుట్‌లో జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం అంటారు, పూరీ లాగ కాదు, ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. పక్కనే గిరిజన మ్యూజియం ఉంది, అరగంట పెట్టండి, నిన్న దారిలో చూసిన ఇళ్లు, నగలు, పనిముట్లు ఎవరివో అప్పుడు అర్థమవుద్ది. కొనాలనుకుంటే కొరాపుట్ కాఫీ పొడి, కాలాజీరా బియ్యం కొనండి. ఆ బియ్యానికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక పంట అన్న గుర్తింపు వచ్చింది, చూడ్డానికి జీలకర్ర లాగ నల్లగా సన్నగా ఉంటాయి వడ్లు, వండితే ఇల్లంతా వాసన. అగ్గువగా ఇస్తామంటే మాత్రం అనుమానించండి.

కొలాబ్ డ్యామ్ చివర. కొండల మధ్య నీళ్లు వేళ్లలా చీలిపోయి ఎక్కడికక్కడ లోపలికి దూరి ఉంటాయి, పార్కు ఉంది, పిల్లలు ఉంటే ఇక్కడ కాసేపు వదిలేయొచ్చు. ఇక్కడి నీళ్లు కొండ లోంచి కిందికి దింపి 320 మెగావాట్ల కరెంటు తీస్తారు, తర్వాత అవే జయపురం వైపు పొలాలకి వెళ్తాయి. ఈ కొలాబే కిందికి పోయి శబరి అవుద్ది, నిన్న చూసిన మాచ్‌ఖండ్ సీలేరు అయ్యి అదే శబరిలో కలుస్తాది, రెండూ కూనవరం దగ్గర గోదాట్లోకే. టైం తక్కువైతే మ్యూజియం ఉంచుకుని కొలాబ్ వదిలేయండి, నిన్న జోలాపుట్ చూశారు కదా. ఇంట్లో పిల్లలు ఒప్పుకోరు అంటే అది మీ ఇంటి గొడవ.

రెండు గంటలకి రిటర్న్. వచ్చిన లక్ష్మీపూర్ రోడ్డు కాకుండా పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు, అక్కడి నుంచి మక్కువ మీదుగా పార్వతీపురం, కొమరాడ, కూనేరు, రాయగడ. దూరం ఎక్కువే, కానీ చీకటి పడే టైముకి మనం పల్లంలో ఉంటాం, లక్ష్మీపూర్ వైపు అయితే ఆ టైముకి కొండల్లో ఉంటాం. సుంకి ఘాట్ నేషనల్ హైవే, లారీల రద్దీ ఎక్కువ, లోడు బండి వెనక పడితే పడండి, రెండు మలుపులు ఓపిక పడితే వాళ్లే చెయ్యి ఊపి దారి ఇస్తారు. కోతల సీజన్లో కింద పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, చోళ్ల కంకులు పరుస్తారు, సాయంత్రం పశువులు తిరిగొస్తుంటాయి, ఘాట్ దిగిపోయాం కదా అని తొక్కేయకండి.

విజయనగరం, బొబ్బిలి వైపు నుంచి వచ్చేవాళ్లు ఇదే ప్లాన్ సాలూరు నుంచి మొదలెట్టుకోవచ్చు, శనివారం సుంకి ఎక్కి నేరుగా సిమిలిగుడ వచ్చేయండి, మీకు ఇంకో గంట మిగులుద్ది, ఆ గంట జోలాపుట్‌కి ఇవ్వండి. రాయగడ వాళ్లు పార్వతీపురంలో రాత్రి టిఫిన్ చేసేసి కదలండి, ఇంటికొచ్చాక ఎవరూ పొయ్యి వెలిగించరు.