తెల్ల బంతి అనుకున్నచోట ఆగాలంటే ఎలా కొట్టాలి?

హిమాయత్‌నగర్‌లో నేను సాయంత్రాలు వెళ్ళే పూల్ పార్లర్‌లో ఒక దృశ్యం రోజూ కనిపిస్తుంది. ఎవరో కుర్రవాడు క్యూతో, అంటే కొట్టే కర్రతో, తెల్ల బంతిని కొట్టి దాంతో ఒక కష్టమైన బంతిని పాకెట్‌లో వేస్తాడు. స్నేహితులు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు ఆగేలోపే తెల్ల బంతి తీరిగ్గా దొర్లుకుంటూ పోయి ఇంకో పాకెట్‌లో పడుతుంది. ఫౌల్! ఎదుటివాడు దాన్ని చేతిలోకి తీసుకుని తనకు నచ్చినచోట పెట్టుకుంటాడు. మర్నాడు అదే కుర్రవాడు తెల్ల బంతికి పక్క నుంచి స్పిన్ ఇవ్వడం ఎలాగో ఫోనులో వీడియోలు చూస్తూ ఉంటాడు.

అతనికి కావలసిన మందు అది కాదని నా అభిప్రాయం. ఎడమకో కుడికో కొట్టగానే తెల్ల బంతి క్యూ చూపిన దారి నుంచి కొంచెం పక్కకు తప్పుకుంటుంది, పోతూపోతూ వంకర తిరుగుతుంది, తగిలిన బంతి దారిని కూడా మారుస్తుంది. ఇన్ని లెక్కలు ఒకేసారి వేయడం నేర్చుకునేవాడి వల్ల కాదు. బంతి ముఖం మీద పైనుంచి కిందికి ఒక నిలువు గీత ఉందనుకోండి. ఆరు నెలలపాటు ఆ గీత దాటకుండా ఆడండి. ఎయిట్‌బాల్ అనే పూల్ ఆటలో మామూలుగా కావలసిన పనులన్నీ ఆ గీత మీదే దొరుకుతాయి.

ముందుగా బంతిని చూసుకోండి

పూల్ బంతి వ్యాసం 57.2 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాములు. తెల్ల బంతి కూడా మిగతా వాటితో సమానంగా ఉండాలి. పార్లర్లలో తెల్ల బంతి పగిలిపోయినా పోయినా వేరే సెట్‌లోది తెచ్చి పెడతారు. అది బరువు ఎక్కువైతే మీరు ఎంత చక్కగా కొట్టినా ఆగాల్సినచోట ఆగదు. క్యారమ్స్ ఆడినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. స్ట్రైకర్ కాయిన్‌కు దాదాపు మూడింతల బరువుంటుంది కాబట్టి సూటిగా తగిలినా ముందుకే పోతుంది. గోలీలాటలో అలా కాదు. రెండూ ఒకే బరువు గనుక, గాల్లో వెళ్ళి సూటిగా తగిలిన గోలీ అక్కడే కూర్చుంటుంది, ఎదుటిది ఎగిరిపోతుంది. పూల్ ఈ విషయంలో గోలీలాటకు చుట్టం.

క్యూ కొనకు చాక్ ప్రతి దెబ్బకూ రాయండి. ఇక దాని గురించి చెప్పడానికేమీ లేదు.

మధ్యలోనే కొడుతున్నారా?

కొడుతున్నామనే అందరూ అనుకుంటారు. పరీక్ష సులభం. తెల్ల బంతిని పక్కన పెట్టి, చారల బంతి ఒకటి తీసుకోండి. చార నిలువుగా, మీరు కొట్టే దిశలోనే ఉండేలా టేబుల్ పొట్టి అంచు దగ్గర, మధ్యలో పెట్టండి. ఎదుటి కుషన్‌కు, అంటే టేబుల్ అంచు మెత్తకు, సూటిగా, మధ్యస్థ వేగంతో కొట్టి, దెబ్బ పూర్తయ్యాక క్యూ అలాగే చాచి ఉంచండి. చార ఊగకుండా చక్రంలా తిరుగుతూ వెళ్ళి, కుషన్‌కు తగిలి వచ్చి మీ క్యూ కొనను తాకితే దెబ్బ గీత మీద పడినట్టే. కుడివైపుకు వచ్చిందంటే కుడివైపు తగిలించారు. మొదటి రోజు నాది పదిసార్లలో ఎనిమిదిసార్లు కుడికే వచ్చింది. రెండు సంవత్సరాలుగా నేను టేబుల్ వంకరగా ఉందని నిందిస్తూ వచ్చాను.

ఆ తరువాత బంతిని చేతిలోకి తీసుకుని చూడండి. చాక్ మచ్చ ఎక్కడ పడిందో అది దాచదు. చూశాక తుడవండి.

జారడం, దొర్లడం

తొలి పాఠాల్లో సాధారణంగా వినిపించే మాట: మధ్యలో కొడితే ఆగుతుంది, పైన కొడితే ముందుకు పోతుంది, కింద కొడితే వెనక్కి వస్తుంది. అబద్ధం కాదు గానీ సగమే నిజం. నేను మధ్యలో కొట్టిన బంతి ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి జానెడు ముందుకు పోయేది. విసిగిపోయి, మా పార్లర్‌లో చాలా ఏళ్ళుగా మార్కర్‌గా, అంటే టేబుళ్ళూ స్కోర్లూ చూసుకునేవాడిగా, ఉన్న పెద్దాయనను అడిగాను. ఆయన క్యూ ముట్టుకోలేదు. తెల్ల బంతిని అరచేత్తో గుడ్డ మీద తోసి, “చూడు బాబూ, మొదట జారుతుంది, తరువాత దొర్లుతుంది. ఎదుటి బంతికి తగిలేటప్పుడు ఏం చేస్తోంది? అది చూడు,” అన్నారు.

సరిగ్గా మధ్యలో కొట్టిన బంతి బయలుదేరినప్పుడు తిరగదు, గుడ్డ మీద జారుతుంది. గుడ్డ రాపిడి దాని అడుగుభాగాన్ని పట్టి మెల్లగా తిప్పడం మొదలుపెడుతుంది. వేగం మొదటిదానిలో ఏడింట ఐదు వంతులకు తగ్గేసరికి అది పూర్తిగా దొర్లుతూ ఉంటుంది. మధ్యస్థంగా కొట్టిన దెబ్బకు సుమారు అర మీటరులోనే ఇదంతా అయిపోతుంది. రెట్టింపు వేగంతో కొడితే జారే దూరం నాలుగింతలు. అందుకే దగ్గరి బంతికి ఆగిన తెల్ల బంతి, దూరపు బంతికి అదే దెబ్బ కొడితే ఆగదు.

తగిలే క్షణంలో తిరుగుడు లేకుండా జారుతూ ఉంటే, సూటి దెబ్బకు తన వేగమంతా ఎదుటి బంతికి అప్పజెప్పి అక్కడే నిలబడిపోతుంది. దొర్లుతూ ఉంటే వేగం అప్పజెప్పినా తిరుగుడు మిగిలే ఉంటుంది, అది బంతిని మళ్ళీ ముందుకు లాగుతుంది. వెనక్కి తిరుగుతూ ఉంటే వెనక్కి లాగుతుంది.

ఆపడం

ఒక బంతిని పాకెట్‌కు రెండు జానల దూరంలో పెట్టి, దానికి సూటిగా జానెడు వెనక తెల్ల బంతిని పెట్టండి. మధ్యకు వెంట్రుకవాసి కింద కొట్టండి. తెల్ల బంతి గోడకు కొట్టిన మేకులా నిలబడాలి. ఐదుసార్లు వరుసగా ఆగాక ఇంకో జాన వెనక్కి జరపండి. దూరం పెరిగేకొద్దీ రెండు దారులు: క్యూ కొనను ఇంకొంచెం దించడం, లేదా వేగం పెంచడం. దించడాన్నే నేను ఎంచుకుంటాను, ఎందుకంటే గట్టిగా కొడితే గురి చెదురుతుంది. కింద తగిలించినప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ బయలుదేరుతుంది. గుడ్డ ఆ తిరుగుడును అరగదీస్తూ ఉంటుంది. అది సరిగ్గా సున్నా అయినచోట ఎదుటి బంతి ఉండాలి. టేబుల్ సగం దూరం నుంచి ఆపడం వచ్చేసరికి నాకు నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నేర్చుకున్నంత తరువాత ఎన్నడూ నేర్చుకోలేదు.

ముందుకు, వెనక్కి

ముందుకు పంపడం తేలిక. మధ్యకు పైన సుమారు 11 మిల్లీమీటర్ల ఎత్తులో తగిలితే బంతి జారకుండా మొదటి నుంచే దొర్లుతుంది. సూటిగా తగిలాక తెల్ల బంతి వెళ్ళే దూరం, ఎదుటి బంతి అడ్డం లేకుంటే వెళ్ళే దూరంలో ఆరో వంతో ఏడో వంతో ఉంటుంది. పాకెట్ అంచున ఉన్న బంతిని గట్టిగా కొట్టి, వెనకే తెల్ల బంతిని కూడా పాకెట్‌లోకి పంపడం ఈ లెక్క తెలియకనే.

వెనక్కి లాగడంలో అందరూ చేసే తప్పు ఒకటే: క్యూ వెనకభాగాన్ని పైకెత్తి బంతి నెత్తిన పొడిచినట్టు కొట్టడం. క్యూను ఆనించే ముందు చేతి వేళ్ళ వంతెనను కిందికి దించి, క్యూ వీలైనంత గుడ్డకు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. వెనక చేతి పట్టు వదులుగా ఉండాలి, క్యూ బంతిని దాటి ఇంకో జానెడు ముందుకు సాగాలి. ఎంత కిందికి దించవచ్చు? చారల బంతిని చార అడ్డంగా ఉండేలా పెట్టి చూడండి. చార కింది అంచు దాదాపు హద్దు. అది దాటితే క్యూ కొన జారిపోతుంది, టప్పుమని చప్పుడవుతుంది, పార్లర్ అంతా మీవైపు చూస్తుంది.

కోణం ఉంటే

ఆటలో సూటి దెబ్బలు అరుదు. కోణంలో తగిలినప్పుడు కూడా అదే ప్రశ్న: జారుతోందా, దొర్లుతోందా? జారుతూ తగిలితే, ఎదుటి బంతి వెళ్ళే దారికి తెల్ల బంతి దారి వడ్రంగి మూలమట్టంలా లంబంగా ఉంటుంది. దొర్లుతూ తగిలితే, గురిలో తెల్ల బంతి ఎదుటి బంతిని పావు నుంచి ముప్పావు వరకు కప్పేలా తగిలినంతవరకు, తాను వచ్చిన దారి నుంచి సుమారు 30 డిగ్రీలు పక్కకు పోతుంది. చూపుడు వేలు, మధ్య వేలు బాగా విడదీస్తే వచ్చే కోణం దాదాపు అంతే. ఒక వేలిని గురిపెట్టిన దారి వెంట ఉంచండి, రెండోది తెల్ల బంతి పోయే దిక్కు చూపుతుంది. ఆ దిక్కున పాకెట్ ఉంటే జారుడు దెబ్బకు మారండి. మొదట్లో చెప్పిన కుర్రవాడికి కావలసింది ఈ ఒక్క చూపే.

మా పార్లర్‌లో నేను ఇప్పటికీ వేళ్ళు విడదీసి టేబుల్ మీదికి వంగి చూస్తాను. నవ్వేవారు నవ్వుతారు.

జులై, ఆగస్టులలో మాత్రం మొదటి పది నిమిషాలు పందెం కట్టకండి. ముసురు పట్టినప్పుడు గుడ్డకు చెమ్మ ఎక్కి బంతులు బరువుగా నడుస్తాయి, వేసవిలో కుదిరిన ఆపుడు దెబ్బ ఆ రోజు ముందుకు దొర్లుతుంది. టేబుల్ అద్దె మొదలవగానే చారల బంతితో నాలుగుసార్లు ఆ కొసకూ ఈ కొసకూ కొట్టి చూసుకుని, క్యూ కొనను ఆ రోజుకు ఎంత దించాలో తేల్చుకున్నాకే బంతులు పేర్చండి.